అనుమతి లేని గుమ్మడికాయ

గుమ్మడి తీగకి రెండు రకాల పువ్వులు పూస్తాయన్న సంగతి ఎస్టేట్ ఆఫీసరు గారి కంటపడిన రోజునే సింహాద్రప్పడి ఇంటికి గండం మొదలైంది. అంతవరకూ ఆ సంగతి తెలియనివాళ్లు లోకంలో ఇద్దరే ఉండేవారు. ఒకరు ఎస్టేట్ ఆఫీసరు గారు, రెండోది ప్రభుత్వం.

ఇల్లంటే సొంతిల్లు కాదు. ప్రభుత్వోద్యోగుల నివాస సముదాయంలో సి-నాలుగు నంబరు క్వార్టరు. క్వార్టరంటే పావు. మిగతా ముప్పావూ పైవాళ్ల దయ. సింహాద్రప్పడు ఆ సముదాయాన్ని ఏలే ఎస్టేట్ ఆఫీసులోనే సీనియర్ అసిస్టెంటు. ఊరందరికీ ఇళ్లిచ్చే దస్త్రాలు కదిపిన ఆ చేతికి తన ఇంటి తాళం చెవి అందడానికి తొమ్మిదేళ్లు పట్టింది.

ఆ తొమ్మిదేళ్లూ అతనూ, భార్య పైడమ్మా చిన్నంనాయుడి మేడ మీద వాటాలో అద్దెకున్నారు. చిన్నంనాయుడు ఆర్టీసీ డిపోలో టైమ్ కీపరుగా చేసి రిటైరయ్యాడు. డిపో ఆయన్ని వదిలింది గానీ ఆయన టైముని వదల్లేదు. మేడ మీదకి నీళ్లు పొద్దున్న అరగంట. రాత్రి ఎనిమిదికి గేటుకి తాళం. ఎనిమిది దాటి ఒక్క నిమిషానికి వచ్చినా సరే, గేటు అవతల నుంచి ఆయన గొంతు చల్లగా వినిపించేది: "బండి ఎల్లిపోనాది బాబూ. మరింక రేపే."

ఆఫీసులో పని ముదిరిన రోజుల్లో సింహాద్రప్పడు ఆ గేటు బయట నిలబడితే, పైడమ్మ మేడ మీంచి తాడు కట్టి టిఫిన్ క్యారియర్ దించేది. వీధి దీపం కింద నిలబడి తిని, ఖాళీ క్యారియర్ పైకి పంపి, తిరిగి ఆఫీసుకి పోయి బల్ల మీద పడుకునేవాడు. అలా ఒక్కో రోజు భోజనం దిగేది, భర్త మాత్రం ఎక్కేవాడు కాదు. అందుచేత సి-నాలుగు చేతికొచ్చాక సింహాద్రప్పడికి జీవితంలో ఒకే కోరిక మిగిలింది. మళ్లీ ఆ గేటు మొహం చూడకూడదు.

ఇలా ఉండగా పథకం వచ్చింది. పేరు "ఇంటింటా తీగ, తీగతీగకీ కాయ". తీగ పథకం కాబట్టి సాగింది. ప్రతి క్వార్టరు పెరట్లోనూ ఒక కూరగాయ తీగ వెయ్యాలి. దసరాకి ముందు జరిగే సమీక్ష నాటికి ఆ తీగకి కాయ ఉండాలి. లేని క్వార్టరును "నిష్ఫల నివాసం"గా పరిగణించి కేటాయింపు రద్దు చేస్తారు.

పైడమ్మ పుట్టింటి నుంచి తెచ్చిన గుమ్మడి గింజలు పాతింది. తీగ పాకింది. పెరటి గోడ ఎక్కింది, బట్టలారేసే తీగ పట్టుకుంది, పక్కింటి సి-అయిదు వారి కిటికీలోకి తొంగిచూసింది. పచ్చటి ఆకుల మధ్య బంగారు రంగు పువ్వులు విచ్చుకున్నాయి. సింహాద్రప్పడు పొద్దున్నే కాఫీ గ్లాసుతో పెరట్లో నిలబడి వాటిని చూసుకునేవాడు. గుమ్మడి ఉంటే గుమ్మం ఉన్నట్టే అనుకునేవాడు.

సరిగ్గా అప్పుడే ఎస్టేట్ ఆఫీసరు ప్రభంజనరావు గారు ఉత్పాదకత మీద వారం రోజుల శిక్షణకి వెళ్లొచ్చారు. వెళ్లేటప్పుడు మామూలు మనిషే. తిరిగొచ్చినప్పటి నుంచి ఏది చూసినా "దీని అవుట్‌పుట్ ఏమిటి?" అని అడగడం మొదలెట్టారు. ఆఫీసు గోడ మీది బల్లిని కూడా అడిగారని అటెండర్లు చెప్పుకున్నారు. ఆ ఊపులోనే తీగల తనిఖీకి బయల్దేరి, మొట్టమొదట సి-నాలుగు పెరట్లో అడుగు పెట్టారు.

ఆయన ఒక పువ్వు పట్టుకుని వెనక్కి తిప్పి చూశారు. దాని అడుగున గోళీకాయంత పిందె ఉంది. తల ఊపారు. ఇంకో పువ్వు తిప్పారు. దాని వెనక ఉత్త కాడ. మూడోదీ అంతే. నాలుగోదీ అంతే.

"ఏమయ్యా సింహాద్రప్పడూ, ఈ పువ్వులకి కాయలేవి?"

"అవి మగపువ్వులు సార్."

"అంటే?"

"కాయవండి."

"ఎప్పటికీ కాయవా?"

"ఎప్పటికీ కాయవు సార్. కానండీ..."

"కానీ లేదు, అణా లేదు. అవి నీళ్లు తీసుకుంటున్నాయా?"

"తీసుకుంటాయి సార్."

"ఎరువు?"

"తీగ తీసుకున్నదాంట్లో వాటా ఉంటుందండి."

"నీళ్లు తీసుకుంటాయి, ఎరువు తీసుకుంటాయి, పొద్దున్నే తయారై పసుపు బట్టలేసుకుని నిలబడతాయి, మధ్యాహ్నానికి వాలిపోతాయి. పని మాత్రం సున్నా. పిందె ఉన్న పువ్వు ఒక్కటైతే ఇలాంటివి పది. ఇది సిబ్బంది కూర్పులో తీవ్రమైన అసమతుల్యత. మనం వెంటనే పూల హేతుబద్ధీకరణ చేపట్టాలి."

సింహాద్రప్పడు నోరు తెరిచాడు. తొమ్మిదేళ్ల నిరీక్షణ గుర్తొచ్చి మూసుకున్నాడు. పెరటి గుమ్మంలో నిలబడ్డ పైడమ్మ మాత్రం చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుకో, ఏడుపుకో అప్పుడే తెలీలేదు.

మర్నాడు ఉత్తర్వు వెలువడింది. "సముదాయంలోని తీగలపై ఉత్పాదకత లేకుండా కొనసాగుతున్న పువ్వులను నివాసితులు ప్రతిరోజూ సూర్యోదయానికి ముందే తొలగించి, ఉదయం పదిన్నరకు కార్యాలయంలో స్వాధీనపరచవలెను. ఏ ఒక్క నిరుత్పాదక పుష్పమును దాచినను, ప్రభుత్వ ఆస్తిని దుర్వినియోగపరచినట్లుగా భావించబడును." ఈ కొత్త సీటు ఎవరికి అప్పగించాలన్న ప్రశ్న రాగానే అందరూ సింహాద్రప్పడి వైపు చూశారు. మగపువ్వు అనే మాట మొదట అన్నది అతనే కదా.

పది రోజులు తిరిగేసరికి అతని బల్ల పూలపాన్పయింది. వచ్చిన పువ్వులు బీరువాలో పెడితే వాడుతున్నాయి. వాడినవి పారేద్దామంటే ప్రభుత్వ ఆస్తి, పారెయ్యడానికి అనుమతి కావాలి. ఆ అనుమతి ఇవ్వాల్సిన ప్రభంజనరావు గారు వాసనకి జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "వీటిని ఏదో ఒక విధంగా సద్వినియోగం చెయ్యవయ్యా" అన్నారు.

సింహాద్రప్పడు ఆ గోడు ఇంటికి మోసుకెళ్లాడు.

"ఏటుంది అందులో అంత ఆలోచించడానికి?" అంది పైడమ్మ. "మా అమ్మమ్మోళ్లది ఒడిశా సరిహద్దు. గుమ్మడి పువ్వు సెనగపిండిలో ముంచి బజ్జీలేసుకుంటాం. ఆ పూల మూట రేపు ఇలగ పంపించీండి."

మర్నాడు సాయంత్రం ఆఫీసుకి స్టీలు డబ్బా వచ్చింది. ప్రభంజనరావు గారు ఒక బజ్జీ అనుమానంగా కొరికారు. రెండోది నమ్మకంగా తిన్నారు. మూడోదానికి కళ్లు మూసుకున్నారు. జీలకర్ర, పచ్చిమిర్చి, పైన కరకర, లోపల వెన్నలా జారిపోయే పువ్వు.

"ఇదేంటయ్యా?"

"నిరుత్పాదక పుష్పాలు సార్. సద్వినియోగం చేశాం."

ఫలం ఇవ్వని పువ్వు అలా ఫలహారమైంది. ఆ సాయంత్రం నుంచి బజ్జీలు లేకుండా ఆఫీసులో ఏ సమావేశమూ జరగలేదు. బజ్జీల కోసమే కొన్ని సమావేశాలు పుట్టాయి కూడా. ఏ క్వార్టరు నుంచైనా పువ్వులు తక్కువొస్తే "మీ తీగ ఎందుకు సహకరించడం లేదు?" అని తాఖీదు వెళ్లేది. గుమ్మడితో మొదలైన ఏరివేత దోస, కాకర, సొర, బీర పాదులకీ పాకింది. అవన్నీ బజ్జీకి పనికిరావన్న అభ్యంతరం వచ్చింది గానీ, ఉత్తర్వు ముందు అన్ని తీగలూ సమానమేనని ప్రభంజనరావు గారు కొట్టిపారేశారు.

ఇంతలో పిందెలు రాలడం మొదలైంది. పువ్వు విచ్చుకుంటోంది, మూసుకుంటోంది, నాలుగు రోజులకి వెనక ఉన్న పిందె పసుపు తిరిగి మెత్తబడి టప్పున రాలిపోతోంది. సి-నాలుగులో రాలాయి. సి-అయిదులో రాలాయి. సముదాయం మొత్తం మీద నిలిచిన కాయ ఒక్కటీ లేదు. సమీక్ష మాత్రం దగ్గరికొస్తోంది.

కారణం కనిపెట్టడానికి విచారణ సంఘం వేశారు. అధ్యక్షులు ప్రభంజనరావు గారు, నిపుణులు ఉద్యానశాఖ సహాయ సంచాలకులు పూర్ణచంద్ర పట్నాయక్ గారు, పళ్లేలు అందించడానికి సింహాద్రప్పడు. ఆ సంఘానికి విచారణే గానీ విచారం లేదు. మొదటి వాయి బజ్జీలు రాగానే నిపుణులు గారు ఒకటి తుంచి, లోపల చూసి కనుబొమలు పైకెత్తారు.

"ఇది మగపువ్వు కదండీ?"

"అవును. కాయవని తేలినవి" అన్నారు అధ్యక్షులు.

"ఎన్ని తీగల నుంచి తీస్తున్నారు?"

"అన్నింటి నుంచీ."

"అన్నీ తీసేస్తున్నారా?"

"నూటికి నూరు శాతం. రాష్ట్రంలో మనమే ముందున్నాం."

నిపుణులు గారు గొంతు సవరించుకున్నారు. "చూడండి, పుప్పొడి ఉండేది వీటిలోనే. ఇవి లేకపోతే..."

పళ్లెం పట్టుకున్న సింహాద్రప్పడు చెవులు రిక్కించాడు. చదువుకున్న మనిషి నోటి వెంట ఆ ఒక్క మాట వస్తే చాలు, పువ్వులు బతుకుతాయి, పిందెలు నిలుస్తాయి, సి-నాలుగు నిలుస్తుంది. సరిగ్గా అప్పుడే అటెండరు రెండో వాయి తెచ్చి నిపుణులు గారి ముందు పెట్టాడు. వేడి వేడి పొగలు. పక్కన అల్లం పచ్చడి.

"ఇవి లేకపోతే?" అన్నారు అధ్యక్షులు.

నిపుణులు గారు ఒకటి నోట్లో వేసుకుని నిదానంగా నమిలారు. "ఇవి లేకపోతే బజ్జీలుండవు" అని ముగించారు.

ఆ తరవాత తేనెటీగల ప్రస్తావన వచ్చింది. పుప్పొడి మోసేందుకు సముదాయంలో తేనెటీగలున్నాయా అని నిపుణులు గారు అడిగారు. ఉండేవి. వాటర్ ట్యాంకు కింద పెద్ద పట్టు ఉండేది. కిందటేడు తనిఖీలో వాటి దగ్గర కేటాయింపు ఉత్తర్వు లేదని తేలింది. అనధికార నివాసులన్నారు. పట్టు పక్కన నోటీసు అంటించి, గడువు ముగిశాక పొగబెట్టి ఖాళీ చేయించారు. తేనెటీగలు పోయాయి. అందులోంచి ఆఫీసుకి మిగిలినవి టీ, ఈగలు.

"రూల్సు రూల్సేనండి" అన్నారు అధ్యక్షులు. నిపుణులు గారు అవునని తలాడించి మూడో వాయి సంగతి వాకబు చేశారు. ఆడపువ్వులు తమ బాధ్యతల నిర్వహణలో తగిన చొరవ చూపకపోవడమే కాయలు నిలవకపోవడానికి కారణమని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఆ రాత్రి సింహాద్రప్పడికి అన్నం సయించలేదు.

"రేపట్నించి బజ్జీలు మానీ పైడీ" అన్నాడు.

"మానేస్తే మీ ఆఫీసరు గారికి కోపం. ఎయ్యకపోతే ఆయనకి ఆకలి, ఏస్తే మనకి కాయ లేదు. మానెయ్యడం కాదండి, ఒక్క పువ్వు దాచాలి."

"దాస్తే ప్రభుత్వ ఆస్తి దుర్వినియోగం. ఆ ఉత్తర్వు నా చేత్తోనే టైపు కొట్టాను."

"అయితే మళ్లీ చిన్నంనాయుడు గారి గేటు కాడ నిలబడి తిందురు గాని. తాడు దాచీ ఉంచినాను, పారీలేదు."

తాడు మాట వినేసరికి సింహాద్రప్పడిలో ధైర్యం లేచి కూర్చుంది. మర్నాడు తెల్లవారుజామున భార్యాభర్తలిద్దరూ పెరట్లోకి నడిచారు. ఒక మగపువ్వుని అతను కోసి లుంగీ మడతలో దాచాడు. సి-అయిదు కిటికీ మూసే ఉంది. పైడమ్మ ఆ పువ్వు తీసుకుని రేకలు చుట్టూ వలిచేసి, లోపలి కాడకి అంటిన పసుపు పొడి కనబడేలా పట్టుకుంది. పిందె ఉన్న పువ్వు అప్పుడే విచ్చుకుంటోంది. దాని మధ్యలో నెమ్మదిగా రాసింది.

"ఏటండీ అలగ వణుకుతున్నారు? మన పెళ్లప్పుడు కూడా ఇలగే వణికినారు."

"అప్పుడు మీ నాన్నకి భయపడ్డాను. ఇప్పుడు ప్రభుత్వానికి."

"కన్యాదానం చేస్తున్నాం. రెండు అక్షింతలైనా ఎయ్యండి."

అతను వంగి, చుట్టూ చూసి, అరచేతిలోని నాలుగు నీటి చుక్కలు చల్లాడు. మంత్రాలూ మేళాలూ లేని ఆ పెళ్లికి పెళ్లికొడుకు అవశేషాలు ఆధారం లేకుండా పొయ్యిలో కాలిపోయాయి.

పిందె రాలలేదు. నిమ్మకాయంతైంది. కొబ్బరికాయంతైంది. ఆకుల కింద పడుకుని, పచ్చటి చర్మం మీద తెల్లటి చారలు దిద్దుకుంటూ పెరిగింది. సింహాద్రప్పడు రోజూ ఆఫీసుకి బయల్దేరే ముందు ఆకులు తప్పించి దాన్ని చూసుకుని, మళ్లీ కప్పి వెళ్లేవాడు. సముదాయమంతటికీ ఉన్న కాయ అదొక్కటే. ఇక తన ఇంటికి ఢోకా లేదనుకున్నాడు.

సమీక్ష రోజు వచ్చింది. ప్రభంజనరావు గారు పరివారంతో బయల్దేరారు. రాస్తూ వెనక సింహాద్రప్పడు.

ఎ-ఏడులో కాకర పందిరికి పుచ్చకాయ వేలాడుతోంది. వల సంచీలో పెట్టి కొబ్బరి తాడుతో కట్టారు. పందిరి నడుం వంగిపోయింది. డి-రెండులో పొట్ల తీగకి సొరకాయ. బి-తొమ్మిదిలో ఇంటాయన హడావిడిలో బీర పాదుకి కాలీఫ్లవరు కట్టాడు. ఆ ముందు రోజు సంతలో కూరగాయల రేటు ఎందుకు పెరిగిందో సింహాద్రప్పడికి అప్పుడు అర్థమైంది.

"ఇది ఎక్కడిది?" అని ప్రభంజనరావు గారు ప్రతిచోటా అడిగారు. ప్రతివాళ్లూ సంతలో కొన్న చీటీ తీసి చూపించారు.

"బాగుంది. మూలం స్పష్టంగా ఉంది" అన్నారాయన ప్రతిచోటా.

సింహాద్రప్పడు ఉండబట్టలేక, "సార్, కాకర తీగకి పుచ్చకాయండీ" అన్నాడు.

"కాయ ఉందా అని అడిగింది ప్రభుత్వం. ఏ కాయ అని అడగలేదు. రాసుకో, సఫలం."

సి-నాలుగు వచ్చింది. పైడమ్మ ఆకులు పక్కకి తప్పించింది. ఎండ పడి గుమ్మడికాయ మెరిసింది. ప్రభంజనరావు గారు మోకాళ్ల మీద చేతులు ఆన్చి వంగి చూశారు.

"ఇది ఎక్కడిది?"

"కాసింది సార్."

"చీటీ?"

"లేదండి. తీగకే కాసింది."

"తీగకే ఎలా కాస్తుంది? విచారణ సంఘం తీర్మానం ప్రకారం సముదాయంలో కాయ నిలిచే అవకాశం లేదు. దానికి నువ్వే నకలు తీశావు."

సింహాద్రప్పడు అందరి తోవా తొక్కితే సరిపోతుందనుకున్నాడు. "పొరపాటు సార్. సంతలో కొని కట్టాం. చీటీ ఎక్కడో పడిపోయింది."

ప్రభంజనరావు గారు కాయని రెండు చేతులా పట్టుకుని లాగారు. రాలేదు. గట్టిగా లాగారు. తీగ సాగింది, గోడ మీది ఆకులన్నీ గలగలలాడాయి, సి-అయిదు కిటికీలోకి తొంగిచూస్తున్న కొస వెనక్కి వచ్చేసింది. కాయ మాత్రం కాడని వదల్లేదు.

"తాడేది?" అన్నారాయన రొప్పుతూ.

తాడు లేదు.

"కొన్న కాయైతే ఊడాలి. ఊడలేదు. అంటే కాసింది. కాసిందంటే మగపువ్వు ఉండి ఉండాలి. మగపువ్వు ఉందంటే నువ్వు దాచి ఉండాలి. ఏం సింహాద్రప్పడూ, ఆ సీటు చూసే నువ్వే ఇలా చేస్తే ఎలా?"

మగపువ్వు లేనిదే కాయ కాయదన్న సంగతి ఆయనకి తెలుసన్నమాట. ఎప్పటి నుంచి తెలుసో అడగాలనిపించింది సింహాద్రప్పడికి. ఆ ప్రశ్నకి తగిన సీటు తనది కాదని ఊరుకున్నాడు.

పైడమ్మ ఊరుకోలేదు. "సంతలో కొని కట్టినోళ్లకి ఇల్లుంటాది, పెరట్లో కాయించినోళ్లకి ఉండదా బాబూ?"

"అమ్మా, వాళ్లు చేసింది లోపం. దాన్ని సవరించవచ్చు. మీ వారు చేసింది ఉల్లంఘన. అందులో మళ్లీ విజయవంతమైన ఉల్లంఘన. చూసి నలుగురూ నేర్చుకుంటారు."

సి-నాలుగు కేటాయింపు రద్దయింది. వారంలో ఖాళీ చెయ్యాలి. గుమ్మడికాయ సాక్ష్యం కాబట్టి కొయ్యకూడదని, తీగ మీదే ఉంచి చుట్టూ గుడ్డపట్టీ కట్టి లక్క ముద్ర వేశారు. కాపలాకి ఒక హోంగార్డుని పెట్టారు. అన్నాళ్లూ కాపు లేని సముదాయానికి అలా కాపలా వచ్చింది. సాక్ష్యం నాలుగు రోజుల్లో ఇంకాస్త ఒళ్లు చేసి లక్క ముద్రని పటుక్కున తెంచుకుంది. దాంతో సాక్ష్యమే ముద్దాయిల జాబితాలోకి వెళ్లింది.

సామాన్ల బండి చిన్నంనాయుడి గేటు ముందు ఆగింది. పైడమ్మ చేతి సంచీలో తాడు పైనే ఉంది. సింహాద్రప్పడు తల వంచుకుని గేటు తోశాడు. ఆ తల పైకెత్తి మేడ వైపు చూశాడు.

మేడ మీద పిట్టగోడ కనబడడం లేదు. అంతా గుమ్మడి తీగ. మెట్ల మీద నాలుగు కాయలు, చూరు నుంచి వేలాడుతూ రెండు, కొబ్బరి చెట్టు మొదట్లో కూర్చుని ఒకటి. మెట్ల గది సజ్జ కింద జేగురు రంగులో పెద్ద తేనెపట్టు, చుట్టూ సన్నటి రొద.

"ఎక్కడివండీ ఈ తేనెటీగలు?" అన్నాడు.

"కిందటేడు వొచ్చినాయి" అన్నాడు చిన్నంనాయుడు. "మీ కోర్టర్లలో ఖాళీ చేయించీసినారంట కదా. ఎక్కడికి పోతాయి పాపం. ఉండండర్రా అన్నాను."

"అద్దె?"

"అద్దేటి బాబూ. అలాటి మనుషుల్ని నా సర్వీసులో చూళ్లేదు. పువ్వు తలుపు తీసేటప్పటికి డ్యూటీ ఎక్కీస్తాయి. ఎండ ముదిరీ లోపల పని ముగించీస్తాయి. సాయంత్రం ఆరున్నరకి ఒక్కటి బయట ఉండదు. గేటుకి తాళం ఎయ్యక్కర్లేదు. డిపోలో ఇలాటోళ్లు నలుగురుంటే నాకు బీపీ వొచ్చీదే కాదు."

తేనెటీగల పుణ్యమా అని తీగకి రోజంతా నీళ్లు వదులుతున్నాడు చిన్నంనాయుడు. ఆ గొట్టం పైడమ్మ బిందెల మీంచే వెళ్లేలా మర్నాటికల్లా ఏర్పాటైంది. కాయలకి సాయం పట్టడానికి ఏ వేళకైనా మనిషి కావాలి గనక, సింహాద్రప్పడికి గేటు తాళం నకలు చెవి కూడా దొరికింది. అద్దెకున్న ఆ తొమ్మిదేళ్లూ దొరకని చెవి అది.

పైడమ్మ వెళ్లిపోయాక ఎస్టేట్ ఆఫీసులో సమావేశాలు చప్పబడ్డాయి. అటెండరు ఒకసారి పువ్వులకి మైదా పూసి వేయించాడు. ఆ రోజు ప్రభంజనరావు గారు సెలవు పెట్టారు. ఆ తరవాతి వారంలో ఒక సాయంత్రం, ఏడున్నర దాటాక, ఆయన స్వయంగా చిన్నంనాయుడి మేడ మెట్లెక్కారు. చేతిలో బ్రీఫ్‌కేసు, కళ్లు వంటింటి వైపు.

పైడమ్మ పళ్లెం తెచ్చి పెట్టింది. ఆయన ఒకటి తిన్నారు, రెండు తిన్నారు. అప్పుడు గానీ చుట్టూ చూడలేదు. కాయలు చూశారు. పళ్లెం చూశారు.

"పువ్వులు వేయిస్తున్నారు, అయినా కాయలున్నాయి. ఇదెలా?"

"ఇక్కడ పొద్దున్న పెళ్లవుద్ది, సాయంత్రం పలారం బాబూ" అంది పైడమ్మ. "తేనెటీగలు వొచ్చి వాటి పని చేసీసుకుని ఎల్లినాక, వాలిన పువ్వులు కోసుకుంటాం. మీ ఆఫీసులో పెళ్లికొడుకుని ముందే నూనెలో ఏసీసినారు."

ప్రభంజనరావు గారు మూడో బజ్జీ ముగించి బ్రీఫ్‌కేసు తెరిచారు. "సింహాద్రప్పడూ, నీ విషయం సానుభూతితో పునఃపరిశీలించాం. సి-నాలుగు తిరిగి నీకే కేటాయిస్తున్నాం. అమ్మగారితో సహా రేపే వచ్చెయ్యి."

సింహాద్రప్పడు ఆ కాగితం చూశాడు. సి-నాలుగు పెరడు, కాఫీ గ్లాసు, ముద్ర తెంచుకున్న గుమ్మడికాయ కళ్ల ముందు తిరిగాయి. మనసు ముందుకి లాగింది. ఇరవై ఏళ్ల సర్వీసు వెనక్కి లాగింది.

"సార్, అది రూల్సుకి విరుద్ధం."

"ఏమిటీ?"

"ఖాళీ చేయించినవాళ్లకి తిరిగి ఇల్లిచ్చేటప్పుడు సీనియారిటీ పాటించాలండి. నాకంటే ముందు ఖాళీ అయినవాళ్లున్నారు." సజ్జ కింద పట్టు వైపు చెయ్యి చూపించాడు. "ముందు వాళ్లకి ట్యాంకు కింద చోటు కేటాయించండి. ఆ వెనక నేనొస్తాను."

"తేనెటీగలకా? అవి ఏ కేడరు?"

"అత్యవసర సేవలు సార్."

ప్రభంజనరావు గారు జవాబు చెప్పేలోపు కింద గంట మోగింది. చిన్నంనాయుడు డిపో నుంచి తెచ్చుకున్న పాత ఇత్తడి గంట.

"విజిటర్లు దిగాల" అన్నాడు కింద నుంచి. "ఎనిమిదవుతోంది."

"ఇంకో వాయి మూకుట్లో ఉంది" అన్నారు ఎస్టేట్ ఆఫీసరు గారు.

"మూకుడికి నా టైముతో సంబంధం లేదండి."

జిల్లాలో ఎందరినో ఇళ్ల లోంచి దింపిన ప్రభంజనరావు గారు తనే మెట్లు దిగారు. గేటు పడింది. తాళం పడింది. ఆయన వీధి దీపం కింద నిలబడి మేడ వైపు చూశారు. మూకుట్లోంచి జీలకర్ర వాసన గాల్లో తేలుతూ వచ్చి ఆయన దగ్గరే ఆగింది.

పైడమ్మ సంచీలోంచి తాడు తీసింది. క్యారియర్ పై గిన్నెలో బజ్జీలు పెట్టింది. కింది గిన్నెలో సింహాద్రప్పడు, తను అప్పటికప్పుడు రాసిన దరఖాస్తు మడిచి, దాని మీద పెన్ను పెట్టాడు. తేనెటీగల తరఫున, ట్యాంకు కింద చోటు కోరుతూ.

క్యారియర్ దిగింది. వీధి దీపం కింద ఎస్టేట్ ఆఫీసరు గారు నిలబడి తిన్నారు. చివరి బజ్జీ దాకా తిని, జేబురుమాలుతో మూతి తుడుచుకుని, కింది గిన్నె తెరిచి కాగితం చదివారు. అలవాటైన చెయ్యి కదా, మార్జిన్లో రెండు ముక్కలు రాసి సంతకం పెట్టారు. తాడు రెండు సార్లు కుదిపారు.

క్యారియర్ పైకొచ్చింది. సింహాద్రప్పడు నూనె మరకల కాగితం దీపం కింద పట్టి, గేటు దగ్గర నిలబడ్డ చిన్నంనాయుడికి వినబడేలా చదివాడు.

"దరఖాస్తుదారులు స్వయముగా కార్యాలయమునకు హాజరై మాట్లాడవలెను."

చిన్నంనాయుడు సజ్జ కింద నిద్రపోతున్న పట్టు వైపు ఒకసారి చూశాడు. చేతి గడియారం చూసుకున్నాడు. ఆ పైన గేటు బయటికి తొంగి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"రేపు తొలి బండికి పంపించీమంటారేటండీ?"